అంబాసిడర్ ఎక్కిన మా బావ

మా కాలనీలో అద్దెకు దొరికేవి రెండే కార్లు: పెద్ద అంబాసిడర్, చిన్న ఫియట్. గని గేటు ముందు చాయ్ హోటల్లో ఏది గొప్పదన్న వాదన లేస్తే హోటలంతా అంబాసిడర్ వైపు. మా అక్క భర్త రాజయ్య బావా, నేనూ మాత్రం ఫియట్ వైపు. "గది కారు కాదు, గనిల బొగ్గు మోసే టబ్బు" అనేవాడు బావ.

ఆ మాట నమ్మి, ఈ రోజు బావ తమ్ముడి పెళ్లికి ఇంట్లో అందరితో కొట్లాడి మరీ ఫియట్ మాట్లాడాను. పెద్దవాళ్లు అంబాసిడర్ కూడా పెట్టారు. పొద్దున చూస్తే బావ తన చిన్న కూతుర్ని ఒళ్లో పెట్టుకుని అంబాసిడర్లో కూర్చున్నాడు.

"ఏంది బావా, ఫియటే అసలు కారంటివి గద!"

"ఇప్పుడు గూడ గదే అంట బామ్మర్ది. కని గిండ్ల పది మందిమి పట్టినం. గండ్ల నీ మోకాళ్లే పట్టయి."

ఫియట్‌లో డ్రైవరూ, నేనూ, అరటిపళ్ల గంపా మిగిలాం. దారంతా అంబాసిడర్ లేపిన బొగ్గు దుమ్ము మా మీదే పడింది. దిగగానే పెళ్లికూతురు తమ్ముడు నన్ను చూసి, "డ్యూటీ నుంచి సీదా వచ్చినవా అన్నా?" అన్నాడు. అందరికన్నా ముందు నవ్వింది మా బావే.

రేపటి నుంచి హోటల్లో ఫియట్ తరఫున నేనొక్కణ్ణే. మీలో ఎవరైనా తోడుంటే చెప్పండి. కానీ ముందు మీ ఇంట్లో పెళ్లేమైనా ఉందేమో చూసుకోండి.