ఇంటిపేరు లేని పిలుపు

ఎర్మెలిందా కికాన్యో చేతిలో సిరంజి ఉండగా ఆమెను తొందరపెట్టే ధైర్యం మా కొండల ఊరు అయకూచో ఆసుపత్రిలో డాక్టర్లకు కూడా ఉండేది కాదు. మందు ఎక్కించే ముందు పేరు, ఇంటిపేరు అడగాలి, చేతి పట్టీ చూడాలి. "నిన్ననే చెప్పాను కదమ్మా!" అని ఎవరైనా విసుక్కుంటే, "నిన్న చెప్పింది నిన్నటి మందుకి" అనేది. పిల్లల వార్డులో ఆమె కింద నర్సులుగా చేరి, ఆమెను అక్కా అని పిలిచే మేము ఆ చాదస్తాన్ని తిట్టుకుంటూనే నేర్చుకున్నాం.

ఇంకో పని మాత్రం ఏ నర్సింగ్ స్కూల్లోనూ చెప్పరు. జబ్బుపడ్డ పిల్లల ప్రాణం బెదిరి, ఒంటిని వదిలి మంచాన్నే పట్టుకుని ఉండిపోతుందని మా కొండల్లో అందరికీ తెలుసు. అందుకే ఇంటికి పంపేటప్పుడు పిల్ల శాలువాతో పరుపు తట్టి, పేరు పెట్టి పిలవాలి. తల్లులు ఆ పని అక్క చేతే చేయించుకునేవారు.

కిటికీ పక్క మంచం మీది నియెవెస్‌ను పంపిన రోజు వార్డు కిటకిటలాడుతోంది. అక్క ఒక చేత్తో మరో బిడ్డ సెలైన్ సరిచేస్తూ, "నియెవెస్, పద తల్లీ" అని శాలువా విదిలించి ఇచ్చేసింది.

వారం తిరక్కుండా తల్లి దియోనిసియా ఆ పాపను వీపున కట్టుకుని తిరిగొచ్చింది.

"తింటోంది, ఆడుకుంటోంది సిస్టరమ్మా. కానీ నన్ను 'ఏమండీ' అంటోంది. మా అమ్మెప్పుడొస్తుందని నన్నే అడుగుతోంది."

డాక్టరుకు ఏ జబ్బూ కనిపించలేదు. అక్క జ్వరం చూసింది, నాడి చూసింది, జావ గిన్నె ఇచ్చింది. తల్లి ఒళ్లో కూర్చున్న పాప ఎడమచేత్తో చెంచా అందుకుని, కుడిచేయి సూది కోసం చాపింది.

"ఇదేంటే, నీది కుడిచేతి వాటం కదా!" అంది తల్లి.

అక్క ముఖం పాలిపోయింది. అదే మంచం మీద అంతకుముందు మరో నియెవెస్ చనిపోయింది. ఎడమచేతి వాటం పిల్ల కనుక సూది ఎప్పుడూ కుడిచేతికే పెట్టేది అక్క. చూడ్డానికి ఎవరూ రాలేదు. అక్క చేయి పట్టుకునే పోయింది.

"నీ ఇంటిపేరేంటి తల్లీ?"

"సుల్కా."

అది పోయిన పిల్ల ఇంటిపేరు. ఈ పాపకు ఆ పూట కట్టిన చేతి పట్టీ మీద పారియోనా అని ఉంది.

"ఒక్క మాత్ర తప్పివ్వలేదే ఇన్నేళ్లలో! పిల్లనే మార్చి పంపానా!" అంది అక్క. పాప శాలువాతో ఖాళీ పరుపు తట్టి, "నియెవెస్ పారియోనా, మీ అమ్మొచ్చింది, రా" అని పిలిచింది.

పరుపు మధ్యలో ఉన్న గుంట మెల్లగా పైకి లేచింది. నా కళ్లతో చూశాను. పాప కళ్లు నులుముకుని, "అమ్మా, ఇంటికెళ్దామే" అంది. దియోనిసియా దాన్ని కరుచుకుని బావురుమంది.

వాళ్లు వెళ్లాక పరుపు మళ్లీ కుంగింది.

"కిటికీ తెరవనా అక్కా?" అన్నాను. పోయినవాళ్లు అటే వెళ్తారు.

"అప్పుడూ తెరిచాంగా. పోలేదు. వాళ్లమ్మ కోసం చూస్తోందే పిచ్చిది." అక్క తన శాలువా తీసి పరుపు తట్టింది. తన ఇంటిపేరే పెట్టి పిలిచింది. "నియెవెస్ కికాన్యో, పద, మనింటికి పోదాం."

అక్క ఇప్పుడు రిటైరైంది. బజార్లో గోడ వైపు కాస్త చోటు వదిలి నడుస్తుంది. మొన్న వాళ్లింటికి వెళ్తే జావ రెండు గిన్నెల్లో పోసింది. ఒకటి నాకనుకుని చేయి చాపాను.

"ఉండవే, నీకూ పోస్తాను," అంది.

ఆ గిన్నెకు చెంచా ఎడమవైపు పెట్టి ఉంది.