సగంలో లాక్కున్న వ్యాసం

దయ్యాలనీ పూనకాలనీ చెబితే నాకు నవ్వొస్తుంది. ఇప్పటికీ అంతే. మా స్టాఫ్‌రూములో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే "చాల్లేప్పా, పేపర్లు దిద్దుకోండి" అనే మనిషిని నేను. అనంతపురం చుట్టుపక్కల హైస్కూళ్ళలో ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. ఇప్పుడు చెప్పబోయే దానికి నా బీరువాలో రెండు కాగితాలు సాక్ష్యం. ఒకటి అసలుది, ఇంకొకటి జిరాక్సు. జిరాక్సు ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు నా గురించి ఒక మాట. ఏ వ్యాసమైనా నాలుగు వాక్యాలు చదివానంటే అది పిల్లలు సొంతంగా రాసిందో, గైడులోంచి మక్కికి మక్కి దించిందో చెప్పేస్తాను. గైడు వ్యాసం "మానవ జీవితంలో" అంటూ మొదలవుతుంది. మా పిల్లల వ్యాసం "మా ఊర్లో" అని మొదలవుతుంది. ఈ విషయంలో నాకు పొగరుంది, దాచుకోను. ఆ పొగరుతోనే పప్పులో కాలేశాను.

పన్నెండేళ్ళ కిందట గుంతకల్లులో పనిచేసేటప్పుడు ఎనిమిదో తరగతికి "వాన వచ్చిన రోజు" అని వ్యాసం ఇచ్చాను. నాగరత్న అని ఒక పిల్ల ఉండేది. వెనక బెంచీ, నోట్లో నాలుక లేని పిల్ల. ఎప్పుడూ రెండు వాక్యాలు రాసి ఊరుకునేది. ఆ రోజు మాత్రం తల ఎత్తకుండా రాస్తోంది. వెనక నిలబడి చదివాను.

వాళ్ళ అవ్వ గురించి రాసింది. వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. విత్తనానికని దాచిన బుడ్డల్ని ఇంటిల్లిపాదీ కూర్చుని వలవాలి. పిల్లలు ఆకలికి విత్తనం తినేస్తారని ఆ అవ్వ అందరి నోళ్ళలో నీళ్ళు పోసేదట. వలవడం అయ్యేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు. ఆ పని జరిగినంతసేపూ అవ్వ కూడా ఒక్క మాట మాట్లాడేది కాదట. "మా మీద కోపమేమో అనుకునేవాళ్ళం" అని రాసింది నాగరత్న. ఆ తర్వాత "అంతలో వాన చప్పుడు వినపడింది. అప్పుడు అవ్వ" అని రాస్తోంది.

ఎనిమిదో తరగతి పిల్ల ఇలా రాయదని తీర్మానించేశాను. కాగితం లాక్కున్నాను.

"యాడ్నుంచి ఎత్తుకొచ్చినావే ఇది?"

"మా అవ్వది మేడం. నేనే రాసినా."

"పిల్చకరా మీ అవ్వను."

"సచ్చిపోయింది మేడం."

"దొంగకు సాక్షి గూడా దొరకలేదా!" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఆ కాగితాన్ని నా ఫైల్లో పెట్టుకున్నాను. ఏ పుస్తకంలోదో పట్టుకుని దాని ముఖాన కొట్టాలని నా పంతం. గైడులన్నీ తిరగేశాను, లైబ్రరీలో పాత వారపత్రికలు వెతికాను. ఎక్కడా దొరకలేదు. ఆ తర్వాత నాగరత్న నా క్లాసులో వ్యాసం రాయనేలేదు. తెల్ల కాగితం మీద పేరు మాత్రం రాసి ఇచ్చేది. దానికి ఎంత పొగరో అనుకున్నాను.

ఆ కాగితం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, చూపించలేదు. మొదట్లో పంతం వల్ల. పోనుపోను, ఆ పిల్ల చెప్పింది నిజమేమోనని లోపల గుచ్చుకోవడం వల్ల.

బదిలీల మీద బదిలీలయ్యి, పోయిన ఏడాది తనకల్లు దగ్గర బడికి వచ్చాను. ఇప్పుడు నా పద్ధతి వేరు. పుస్తకాల సంచులు వరండాలో పెట్టిస్తాను. నా సంతకం పెట్టిన తెల్ల కాగితాలు నేనే పంచుతాను. ఏం రాయాలో అప్పటికప్పుడు బోర్డు మీద రాస్తాను. ఆగస్టులో ఒక రోజు, మిట్టమధ్యాహ్నం, "వాన వచ్చిన రోజు" అని రాశాను. బయట ఎండ మండిపోతోంది. పిల్లలు కిసుక్కున నవ్వుకున్నారు.

మూడో బెంచీలో పవిత్ర. వాళ్ళది గొర్రెలు మేపుకునే కుటుంబం, ముదిగుబ్బ వైపు నుంచి వచ్చారు. వెనక నుంచి పోతూ ఆ కాగితం మీద చూపు వేశాను. "మా నోళ్ళలో నీళ్ళు పోసి" అని కనిపించింది.

అక్కడే ఆగి మొదటి నుంచి చదివాను. వాక్యం తర్వాత వాక్యం, అదే వ్యాసం. రాత వేరు, గుండ్రంగా ఉంది. మాటలు అవే; వెతికి వెతికి ఆ పాత కాగితం నాకు కంఠతా వచ్చేసింది. నాగరత్న ఒకచోట "మా అమ్మ" అని రాసి, కొట్టేసి, "మా అవ్వ" అని రాసింది. పవిత్ర కూడా సరిగ్గా అక్కడే "మా అమ్మ" అని రాసి కొట్టేసింది.

పాత అలవాటు కదా, నా చెయ్యి ముందుకు పోయింది. వెనక్కి తీసుకున్నాను. "అప్పుడు అవ్వ" దాకా వచ్చింది పవిత్ర. నా దగ్గరున్న కాగితం అక్కడితో ఆగిపోయింది. పవిత్ర ఆగలేదు. ఇంకో నాలుగు వాక్యాలు రాసి, చుక్క పెట్టి, కాగితం నా చేతికిచ్చింది.

"ఎవరు చెప్పినారమ్మా నీకు ఇది?"

"ఎవురూ చెప్పల్యా మేడం. రాస్తాంటే వచ్చె." లేచి నిలబడి, "తప్పా మేడం?" అని అడిగింది. కళ్ళలో భయం. తప్పు కాదని చెప్పాను, కానీ మార్కు వేయడానికి చెయ్యి రాలేదు.

వాళ్ళ నాయనను పిలిపించి అడిగాను. "మాకు సేనెక్కడిది మేడం, గొర్రెలే. ఇంట్లో బుడ్డలు వలిసింది ఎప్పుడూ లేదు" అన్నాడు. పవిత్ర పుట్టకముందే వాళ్ళ ఇద్దరు అవ్వలూ పోయారట. గుంతకల్లులో చుట్టాలెవరూ లేరు. నా ఫైలు అనంతపురంలో మా ఇంటి బీరువాలో, తాళంలో ఉంది. ఇద్దరూ ఒకే పుస్తకం చదివుంటారని మీరు అనొచ్చు. నేనూ అనుకున్నాను. ఆ పుస్తకం ఎవరైనా చూపిస్తే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు.

పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అడిగితే గంటలో నాగరత్న ఆచూకీ దొరికింది. ఆదివారం ఉదయం గుంతకల్లు వెళ్ళాను. స్టేషను దగ్గర ఉగ్గాని, బజ్జీలు అమ్ముకుంటోంది. గుర్తుపట్టింది. "ఏం మేడం, ఈడికొచ్చినారు?" అంటూ స్టూలు వేసింది.

పాత కాగితం ఒక్కటే తీసి ఇచ్చాను. ఇంకోటి బ్యాగులోనే ఉంచాను. నాగరత్న చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. ముందు సున్నానే చూసింది.

"ఆ పొద్దు నేను లాక్కోకుండా ఉండింటే, దీని తర్వాత ఏం రాసిండేదానివమ్మా?"

ఆలోచించుకోలేదు, తడుముకోలేదు. "అప్పుడు అవ్వ లేచి వాకిట్లోకి పోయింది. నోట్లో నీళ్ళు ఉమ్మేసి గట్టిగా నవ్వింది. అవ్వ నోట్లో కూడా నీళ్ళు ఉన్నాయని మాకు అప్పుడు తెలిసింది. అవ్వకు కూడా ఆకలయ్యేది" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. పన్నెండేళ్ళుగా మనసులో పెట్టుకున్న నాలుగు వాక్యాలు.

నేను బ్యాగులోంచి రెండో కాగితం తీసి చేతికిచ్చాను. చివరి నాలుగు వాక్యాలు అవే. ఒక్క మాట తేడా లేదు. నాగరత్న రెండుసార్లు చదివింది. బాణలిలో బజ్జీలు మాడుతున్నా చూసుకోలేదు. నాకు ఏడుపు ఆగలేదు. "నేను తప్పు చేసినానమ్మా" అని నడిరోడ్డు మీదే చెప్పాను.

"మేడం, ఈ పాపకు సున్నా ఎయ్యల్యా గదా?" అంది.

లేదన్నాను. అప్పుడు నా పెన్ను అడిగి తీసుకుని, తన కాగితంలో "అప్పుడు అవ్వ" దగ్గర మొదలుపెట్టి, మిగిలింది నిలబడే రాసింది. నేను సున్నా కొట్టేసి, ఇరవైకి ఇరవై వేసి, కింద సంతకం పెట్టాను. ఆ కాగితం ఆమెది, ఆమెకే ఇచ్చేశాను. పక్క అంగట్లో జిరాక్సు తీయించుకుని నా దగ్గర పెట్టుకున్నాను.

సోమవారం పవిత్రకు కూడా ఇరవైకి ఇరవై వేసి, ఆ కాగితాన్ని అడిగి నా దగ్గరే ఉంచుకున్నాను. ముదిగుబ్బ గొర్రెల మంద వెనక తిరిగిన పిల్లకు గుంతకల్లు అవ్వ ఎట్లా తెలిసిందో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. నాగరత్నను దొంగ అన్న నోరు ఎవరిదో మాత్రం బాగా తెలుసు. ఇప్పుడు పిల్లలు వ్యాసం రాస్తుంటే వెనక నిలబడను. గంట కొట్టేదాకా నా కుర్చీలోనే, నోరు మూసుకుని కూర్చుంటాను.