మూడు నిమిషాలకోసారి ఆగే కంప్యూటర్

ఎనభైల చివర్లో వరంగల్‌లో మా ఇంటి యూనిక్స్ కంప్యూటర్‌ను ఫోను ద్వారా హైదరాబాదులోని మిత్రుడి కంప్యూటర్‌తో కలపడానికి కంప్యూటర్ వరసగా పాటించే ఆదేశాలతో ఒక స్క్రిప్టు రాసుకున్నాను. కంప్యూటర్‌ను ఫోను లైనుకు కలిపే మోడెం ఈల వినగానే ట్రంకాల్ ఆపరేటరమ్మ లైను చెడిందనుకుని కట్ చేసేది. స్క్రిప్టులో కాస్త విరామం పెట్టి, ఆ సందులో ఆమెను బతిమాలాను.

"అమ్మా, కంప్యూటర్లు మాట్లాడుకుంటయి. జర కట్ చెయ్యకుండ్రి."

"గట్లనే సార్."

మిత్రుడు పంపిన ఉత్తరం సగం వచ్చేసరికి తెరమీద అక్షరాలన్నీ చెదిరిపోయాయి. రిసీవర్ ఎత్తాను.

"మూడు నిమిషాలైంది సార్, కాల్ పెంచాల్నా?" అంటోంది ఆమె.

మూడు నిమిషాలకోసారి కంప్యూటర్ ఆగి, నేను "పెంచుండ్రి" అన్నాక మళ్లీ ఈల వేసేలా స్క్రిప్టు మార్చాను. మధ్యాహ్నమంతా పెంచుకుంటూ పోతే సాయంత్రానికి ఉత్తరం పూర్తిగా అందింది.

"ఇది అందితే ఫోన్ చెయ్యి" అని చివర్లో రాశాడు మిత్రుడు.