ఎర్రకారాయన

ఎర్రకారాయన ప్రతి ఆదివారం మెకానిక్ షెడ్డుకొచ్చి, తన స్పోర్ట్స్ కారు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు దూర్చి, "ఇంకా కిందికి దించాలి" అని నిట్టూరుస్తాడు. పక్క సీటుకి మాత్రం కొన్ననాటి ప్లాస్టిక్ కవరు నలగకుండా అలాగే ఉంది. ఈసారి మెకానిక్ విసుక్కున్నాడు.

"నాన్చకుండా ఏదో ఒకటి తేల్చండన్నా. పొట్టి స్ప్రింగులైతే ఒక్కసారితో పనైపోతుంది. మర తిప్పి ఎత్తు మార్చుకునే రకం మాత్రం పెద్ద తలనొప్పి. మార్చినప్పుడల్లా నేను మీ పక్కన కూర్చుని, టైరు ఎక్కడ రాసుకుంటోందో వింటూ ఊరంతా తిరగాలి."

"మార్చినప్పుడల్లానా?"

"తప్పదు మరి."

"అయితే మర తిప్పేదే వెయ్యి తమ్ముడూ" అన్నాడాయన. తర్వాత లోపలికి వంగి, పక్క సీటు కవరు మెల్లగా ఊడదీయసాగాడు.