కాలవ గట్టు పార్కులో పేర్ల స్తంభం

మొన్న తెనాలి వెళ్తే కాలవ గట్టు పార్కులో తడి సిమెంటు వాసన. కొత్తగా వాకింగ్ ట్రాక్ వేస్తున్నారు. మన చిన్నప్పుడు అక్కడ నల్లరాతి స్తంభం ఉండేది, గుర్తుందా? స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లినవాళ్ల పేర్లు చెక్కి ఉండేవి. మా నాయనమ్మ చీర చెంగు కాలవ నీళ్లలో తడిపి, జైల్లోనే పోయిన తన అన్నయ్య పేరు తుడిచేది.

"ఫోటో కూడా లేదమ్మా. మా అన్నయ్యకి మిగిలింది ఇదొక్కటే," అనేది.

ఆ స్తంభం ఏమైందని మేస్త్రీని అడిగాను.

"పగలగొట్టి ట్రాక్ కింద పరిచేశామండి. మీవాళ్లదా?"

ఇంటికొచ్చి మన వాట్సాప్ గ్రూపులోని పాత ఫోటోలన్నీ వెతికాను. అన్నిట్లోనూ ఆ స్తంభానికి ఆనుకుని నవ్వుతూ నిలబడ్డాం. పేర్లన్నీ మన వీపుల వెనకే ఉండిపోయాయి.