వాసనక్క రెండో కొట్టు

వీధిలో అందరూ ఆమెను వాసనక్క అనేవాళ్లు. ఇస్త్రీ కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ ఆమె ముక్కు మాడు వాసన కోసం వెతుకుతూనే ఉండేది. నాలుగిళ్ల అవతల పాలు పొంగినా, "ఏదో కాలుతోంది!" అని ఉలిక్కిపడేది. పనితనం మాత్రం అమోఘం. ఆమె మడత పెట్టిన చొక్కా అంచుతో కూరగాయలు తరగొచ్చనేవాళ్లు. ఒకాయన కాలరు తగిలి మెడ తెగిందని కట్టు కూడా చూపించాడు.

బట్ట తీసుకునేటప్పుడే, "ఇదిగో, ఇక్కడ మరకుంది, ఈ గుండీ లేదు. తర్వాత నన్ననకండి," అని చూపించేది. తన చెయ్యి పడందే రుమాలైనా గడప దాటనిచ్చేది కాదు. దాంతో బట్టలు కొండలా పెరిగాయి గానీ చేతులు పెరగలేదు. చివరికి వీధి చివర రెండో కొట్టు తెరిచి, ఆడపడుచును కూర్చోబెట్టింది. ఆ పొద్దుటి నుంచే ఆమెకు జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టింది.

"నల్లబట్టకి తడిగుడ్డ వెయ్యి. ఎవరైనా పిలిస్తే ముందు ఇస్త్రీ పెట్టె నిలబెట్టు."

"నా పెళ్లప్పుడు కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు కదా వదినా!"

వాసనక్క తన కొట్టుకొచ్చి వకీలుగారి నల్లకోటు పరిచింది. మర్నాడే ఆయన దాన్ని వేసుకోవాలి. ఆయన దగ్గితే చాలు, సాక్షులు చేయని నేరాలు కూడా ఒప్పుకుంటారని వాడుక. తడిగుడ్డ మీద పెట్టె ఆనించిందో లేదో, వీధి చివర తెల్లగా ఏదో లేచింది. పొగ! కొంప మునిగిందనుకుని పరుగెత్తింది.

ఆడపడుచు పెట్టె నిలబెట్టి, తాపీగా గుడ్డ పిండుతోంది.

"ఆవిరి వదినా, ఆవిరి. దానికీ భయమేనా? అవునుగానీ, నీ పెట్టె ఎక్కడ పెట్టొచ్చావ్?"

వాసనక్క వెనక్కి పరుగెత్తింది. ఇద్దరూ వచ్చి చూసేసరికి తడిగుడ్డ మాడి, కోటు రొమ్ము మీద పెట్టె అచ్చు దిగబడి ఉంది.

"నేను కాల్చానని చెప్పు వదినా. కొత్తదాన్ని కదా, తిట్టి వదిలేస్తాడు."

నాలుక చివరిదాకా వచ్చిన ఆశను వాసనక్క మింగేసింది. "అప్పుడు నీ కొట్టు గడప ఎవరు తొక్కుతారే?"

వకీలుగారి బల్ల మీద వాసనక్క కోటును కాలిన చోటు పైకి కనిపించేలా పరిచింది. "ఇదిగో, ఇక్కడ కాలిందండీ. నేనే కాల్చాను. సాయంత్రానికల్లా కొత్తది కుట్టించి తెస్తాను."

ఆయన కోటు చూశాడు. ఆమెను చూశాడు. దగ్గాడు. కొట్టు మూతపడినట్టే అనుకుందామె.

"పెట్టె వదిలేసి ఎక్కడికి పోయావ్?"

"వీధి చివర కొత్త కొట్టుకండీ. మా ఆడపడుచు ఏం కాలుస్తుందోనని."

"ఏం కాల్చింది?"

"ఏమీ లేదండీ."

"అయితే కోటు నువ్వు కుట్టించు. ఇకనుంచి ఇస్త్రీకి మాత్రం ఆమెకే పంపిస్తాను."

దర్జీకి కోటు పురమాయించి వస్తుంటే వీధి చివర మళ్లీ తెల్లగా లేచింది. ఆవిరే. ఆవిరే అయ్యుండాలి. కాళ్లు వాటంతటవే అటు తిరిగాయి. వాసనక్క వాటిని బలవంతంగా ఇటు తిప్పుకుని, తన కొట్టులోకి వచ్చి, వీధికి వీపు పెట్టి నిలబడి పెట్టె అందుకుంది. ముక్కు మాత్రం వెతుకుతూనే ఉంది.