తూనీగ వెనకాల

మొన్న పొద్దున బట్టలారేసే తీగ మీద ఎర్ర తూనీగ ఒకటి వాలితే, చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది గానీ, ఫొటో తీసే ముందు దాని వెనకాల ఎవరి ఇల్లు పడుతోందో, ఎవరు నడుస్తున్నారో చూసుకున్నాను. పోలీసులకూ అడవిలోని నక్సలైట్లకూ మధ్య నలుగుతున్న ఉసూరు దగ్గరి పల్లెలో నర్సుగా చేరిన కొత్తలో అబ్బిన అలవాటిది.

అప్పట్లో తమ్ముడు కొనిచ్చిన చిన్న కెమెరా ఉండేది. టీకాలు వేసే పని లేని రోజుల్లో వాగు ఒడ్డున బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, గడ్డిపోచల మీద వాలే సూదుల్లాంటి నీలి తూనీగలను జానెడు దూరం నుంచి తీసేదాన్ని. ఆ మైకంలో, నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు నన్ను చూసి మాటలాపేయడం గమనించనే లేదు. కొన్నాళ్ళకు తల్లులు పిల్లలను టీకాలకు తేవడం మానేశారు. నాతో పనిచేసే ఆయనే నా మీద వాళ్ళకేదో నూరిపోసి ఉంటాడని అనుమానపడి, ఆయనతో మాట్లాడటం మానేశాను.

చివరికి నేను అద్దెకున్న ఇంటి అవ్వే అడిగేసింది.

"ఏంది బిడ్డా, మా వాగు ఫొటోలు ఎవరికిస్తున్నవ్?"

నవ్వుతూ కెమెరా తెచ్చి ఒక్కొక్కటే చూపించాను. అవ్వ తూనీగను వదిలేసి, వెనక మసగ్గా ఉన్నచోట గోరు పెట్టింది.

"తూనీగ సరే. ఇది మా దారి గాదా? ఈ నడిచేటోడు నా కొడుకు గాదా? ఇది ఎవరి చేతుల పడ్తదో నీకెరుకనా?"

అన్ని నెలలూ తీసి, ఒక్కనాడైనా నేనటు చూడలేదు. అవ్వ ముందే కూర్చుని అన్నీ చెరిపేశాను. ఇంకెక్కడన్నా దాచావా అనడిగింది. లేదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు గానీ, తర్వాతి టీకాల రోజు మనవరాలిని ఎత్తుకుని తనే ముందుగా వచ్చింది. మిగతావాళ్ళు రావడానికి వానాకాలం దాటింది. నేను అనవసరంగా అనుమానించిన ఆయన మాత్రం, ఆ మాట ఆయనతో చెప్పుకునేలోపే బదిలీ అయి వెళ్ళిపోయాడు.

ఈమధ్య అటు వెళ్ళాను. వాగు మీద వంతెన కట్టారు. బండి మీద వచ్చినవాడెవడో ఆగి, నీళ్ళనూ బట్టలుతికే ఆడవాళ్ళనూ నన్నూ ఫోన్‌లో తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక్కరూ తలెత్తలేదు. ఎవరతనని అడిగితే, "ఏమోనమ్మా, రోజూ ఎవరో ఒకరు తీస్తనే ఉంటరు" అంది ఒకామె.

భయం తగ్గిందని సంతోషించాలేమో. నేను మాత్రం ఆ బండి మలుపు తిరిగేదాకా, దాని నంబరు కనబడుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను.